హీప్ ఖాళీ, మెమరీ ఫుల్: జావా సర్వర్‌లో ఒక నేటివ్ లీక్ కేసు

నేపథ్యం

ఒక సరుకు రవాణా కంపెనీ. ఆర్డర్లు, బిల్లులు, ట్రాకింగ్ అన్నీ ఒకే జావా అప్లికేషన్ మీద నడుస్తాయి. లోడ్ బ్యాలెన్సర్ వెనక రెండు సర్వర్లు. పాత సర్వర్లలో 24 జీబీ ర్యామ్, జేవీఎం (జావా ప్రోగ్రాములను నడిపే ఇంజిన్) హీప్, అంటే జావా ఆబ్జెక్టులుండే మెమరీ, 8 జీబీ. వాటిని తీసేసి 16 కోర్లు, 32 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్లు పెట్టారు. పనిలో పనిగా లినక్స్‌ను ఒక మేజర్ వెర్షన్ ముందుకు జరిపారు. ర్యామ్ ఎలాగూ పెరిగింది కాబట్టి హీప్ 12 జీబీ చేశారు. జావా 8, వాడకంలో లేని ఆబ్జెక్టులను ఊడ్చే జీ1 గార్బేజ్ కలెక్టర్ (జీసీ) అలాగే ఉంచారు. అప్లికేషన్ కోడ్‌లో ఒక్క లైను కూడా మారలేదు.

కనిష్ఠ హీప్, గరిష్ఠ హీప్ రెండూ 12 జీబీకే పెట్టి, మొదట్లోనే మెమరీ పేజీలన్నీ తాకి ర్యామ్‌లోకి తెచ్చే ప్రీటచ్ ఆప్షన్ కూడా ఇచ్చారు. అందువల్ల ప్రాసెస్ లేచిన కాసేపటికే రెసిడెంట్ మెమరీ (ప్రాసెస్ నిజంగా ఆక్రమించిన ర్యామ్) 14 జీబీ దగ్గర ఉంటుంది: హీప్ 12, మిగతా 2 జీబీ మెటాస్పేస్ (క్లాసుల వివరాలు), కోడ్ క్యాష్ (కంపైల్ అయిన కోడ్), థ్రెడ్ స్టాక్‌లు, జీసీ సొంత పట్టికలు. ఈ 14 అనే అంకె ముందు ముందు చాలాసార్లు పనికొస్తుంది.

కంపెనీని గుర్తుపట్టే వివరాలు తీసేశాం. కొలతలను దగ్గరి పూర్ణాంకాలకు సవరించాం.

సమస్య ఎలా బయటపడింది

కొత్త సర్వర్లు వచ్చిన రెండు వారాల లోపే ఒక సర్వర్‌లో మెమరీ అయిపోయి కెర్నెల్ (లినక్స్ కేంద్ర భాగం) జావా ప్రాసెస్‌ను చంపేసింది. సిస్టమ్‌డీ దాన్ని మళ్లీ లేపింది కానీ ఆ మధ్యలో వాడకందార్లకు 502 ఎర్రర్లు వచ్చాయి. మర్నాడు రెండో సర్వర్‌దీ అదే గతి. గ్రాఫ్ తీసి చూస్తే రెసిడెంట్ మెమరీ రోజుకు 1.1 జీబీ చొప్పున, గీత గీసినట్టు పెరుగుతూ పోతోంది. 28 దాటగానే కథ ముగుస్తోంది.

ఆపరేషన్స్ టీమ్ ఫిర్యాదు సూటిగా ఉంది: కొత్త ఓఎస్ మెమరీ లీక్ చేస్తోంది, అంటే తీసుకున్నది తిరిగి ఇవ్వడం లేదు. వాళ్ల తర్కాన్ని కొట్టిపారేయలేం. కోడ్ మారలేదు, మారినవి మెషీన్, ఓఎస్. హీప్ సైజు కూడా మారింది కానీ దాన్ని ఎవరూ అనుమానితుల జాబితాలో చేర్చలేదు. మెమరీ ఎక్కువ ఇస్తే మెమరీ అయిపోవడమేమిటి అన్నది అందరి ఊహ.

ఖాతా ఎవరిది?

లీక్ అనే మాట వినగానే ప్రొఫైలర్ తీసేవాళ్లు ఉంటారు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది పోతున్న మెమరీ ఏ ఖాతాలో పడుతోందని. కెర్నెల్ ఖాతానా, పేజీ క్యాష్‌దా (డిస్క్ ఫైళ్లకు ర్యామ్‌లో ఉంచే నకళ్లు), ప్రాసెస్ సొంతమా? ఒక్కోదానికి వాడే పనిముట్లు వేరు. ఖాతా తప్పితే చేసిన పనంతా వృథా.

కెర్నెల్ లాగ్‌లో ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ప్రాసెస్‌ను చంపే భాగం) రాసే లైనులోనే సగం జవాబు ఉంటుంది. అందులో మొత్తం వర్చువల్ సైజు, ఎనానిమస్ రెసిడెంట్, ఫైల్ రెసిడెంట్ విడివిడిగా ఇస్తుంది. ఇక్కడ ఎనానిమస్ భాగమే సుమారు 28 జీబీ, ఫైల్ భాగం కొన్ని ఎంబీలు. అంటే ఇది ఫైళ్ల క్యాష్ కాదు, ప్రాసెస్ తన కోసం అడిగి తీసుకుని, వాడిన మెమరీ. వర్చువల్ సైజు 40 జీబీ దాటి కనిపించింది. దాన్ని పట్టించుకోలేదు. అడ్రసు స్థలం రిజర్వ్ చేసుకున్నంత మాత్రాన ర్యామ్ ఖర్చు కాదు. ఆ అంకె మీద అలర్టులు పెట్టి రాత్రుళ్లు ఫోన్లు మోగించుకునే టీమ్‌లు ఇప్పటికీ ఉన్నాయి.

తర్వాత కెర్నెల్ తన లెక్కలు చూపించే ప్రాక్ ఫైల్‌సిస్టమ్‌లోని మెమ్‌ఇన్ఫో. కెర్నెల్ లీక్ అయితే స్లాబ్ (కెర్నెల్ సొంత డేటా) లెక్కల్లో, ముఖ్యంగా తిరిగి తీసుకోలేని స్లాబ్ వరుసలో, రోజురోజుకూ పెరుగుదల కనిపించాలి. ప్రాసెస్‌లన్నిటి మెమరీ కూడినా వాడకం మొత్తానికి సరిపోక తేడా మిగలాలి. ఇక్కడ ఆ వరుస 300 ఎంబీ దగ్గర కదలకుండా ఉంది. ప్రాసెస్‌ల స్మ్యాప్స్ రోలప్ నుంచి తీసిన వాటా కొలతలు కూడితే వాడకంతో సరిపోయాయి. ఓఎస్ మీద ఫిర్యాదు అక్కడికి ఆగింది. ఖాతా జావా ప్రాసెస్‌దే.

అప్పటికే చేసి చూసినవి

ఆదివారం రాత్రి రీస్టార్ట్. నెల మధ్యలో ఇది సరిపోయింది. నెలాఖరున మెమరీ పెరిగే వేగం రెట్టింపైంది, ఆరు రోజులు దాటగానే ప్రాసెస్ పోయింది. రీస్టార్ట్ మందు కాదని తేలింది కానీ ఉపయోగపడే సంగతి ఒకటి బయటపెట్టింది. నెలాఖరున లాగిన్‌లు పెద్దగా పెరగవు, పెరిగేవి బిల్లింగ్ రిపోర్టులు. లీక్ రిపోర్టుల వెంట నడుస్తోంది.

8 జీబీ స్వాప్ జోడించడం. ప్రాసెస్ ఆయుష్షు కొంత పెరిగింది, సర్వర్ ఆరోగ్యం చెడింది. మళ్లీ ఎవరూ తాకని లీకైన పేజీలు స్వాప్‌లోకి పోతే నష్టం లేదు. కానీ వాటితోపాటు హీప్‌లోని పాత పేజీలూ పోయాయి. జీసీ వాటిని తాకిన ప్రతిసారీ డిస్క్ దగ్గర ఆగాలి. అర సెకను లోపు ఉండే విరామాలు కొన్ని సెకన్లకు చేరాయి. స్వాప్ తీసేశాం.

హీప్‌ను 16 జీబీకి పెంచడం. హీప్ చాలక ఇలా అవుతోందన్న నమ్మకంతో చేసిన పని ఇది. ప్రాసెస్ 18 దగ్గర మొదలై, రోజుకు అదే 1.1 జీబీ పెరిగి, తొమ్మిది రోజులకే పోయింది. హీప్ చాలకపోతే జావా అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్ ఇవ్వాలి, జీసీ లాగ్‌లో ఫుల్ జీసీలు (హీప్ మొత్తం ఊడ్చేవి) వరుస కట్టాలి. రెండూ లేవు. చంపింది కెర్నెల్, జేవీఎం కాదు. ఈ రెండు చావుల తేడా ముందే గమనిస్తే హీప్ పెంచే ఆలోచనే రాదు. మిగిలిన ర్యామ్ అంతా హీప్ బయట పెరుగుతున్నదానికి కావాల్సిన చోటు, హీప్ పెంచడమంటే ఆ చోటు తగ్గించడమే.

హీప్ డంప్. హీప్‌లోని ఆబ్జెక్టులను లైవ్ (బతికున్నవి మాత్రమే) ఆప్షన్‌తో ఒక సర్వర్ మీద ఫైలులోకి తీశారు. బతికున్న ఆబ్జెక్టులు 2.8 జీబీ. ఎక్కడా అనుమానించాల్సిన గుట్ట లేదు. ఏమీ దొరకలేదని ఫైలు పక్కన పడేశారు. నిజానికి కేసు మలుపు ఇక్కడే ఉంది. ఆ సంగతి కాసేపట్లో.

హీప్ బయట ఎంత?

హీప్ బయట తీసుకునే మెమరీని నేటివ్ మెమరీ అంటారు. జేవీఎంలో నేటివ్ మెమరీ ట్రాకింగ్ ఉంటుంది, ఎన్‌ఎంటీ అంటారు. స్టార్టప్ ఫ్లాగ్‌తో సమ్మరీ స్థాయిలో ఆన్ చేయాలి. నడుస్తున్న ప్రాసెస్‌లో ఆన్ చేయడం కుదరదు. 5 నుంచి 10 శాతం పనితీరు ఖర్చవుతుందని డాక్యుమెంటేషనే చెబుతుంది, అందుకని రెండు సర్వర్లలో ఒకదానికే పెట్టాం. ప్రాసెస్ లేచి వేడెక్కాక, అంటే ఒక గంట తర్వాత, జేసీఎండీ కమాండ్‌తో బేస్‌లైన్ (పోల్చడానికి మొదటి కొలత) గుర్తు పెట్టి, రోజూ దానితో తేడా తీశాం. లేచిన వెంటనే బేస్‌లైన్ పెడితే క్లాసుల లోడింగ్ అంతా లీక్‌లా కనిపిస్తుంది.

ఎనిమిదో రోజు లెక్క ఇది. ఎన్‌ఎంటీ చెప్పిన మొత్తం కమిటెడ్ (జేవీఎం వాడకానికి తీసుకున్న మెమరీ) 13.9 జీబీ, బేస్‌లైన్ నుంచి పెరిగింది 100 ఎంబీ లోపు. అదే సమయానికి ప్రాసెస్ రెసిడెంట్ మెమరీ 22.6 జీబీ. తేడా 8.7 జీబీ. జావా 8లో ఎన్‌ఎంటీ థ్రెడ్ స్టాక్‌లను మొత్తంగా కమిటెడ్ కింద చూపిస్తుంది, నిజంగా తాకింది అందులో కొంతే. కాబట్టి అసలు తేడా ఇంకాస్త ఎక్కువే.

ఈ ఒక్క కొలతతో చాలామంది అనుమానితులు తప్పుకున్నారు. మెటాస్పేస్, కోడ్ క్యాష్, థ్రెడ్లు ఎన్‌ఎంటీ లెక్కలో ఉంటాయి, అక్కడ పెరుగుదల లేదు. డైరెక్ట్ బైట్ బఫర్లు (హీప్ బయట ఉండే బఫర్లు) కూడా ఎన్‌ఎంటీలో ఇంటర్నల్ అనే పద్దు కింద పడతాయి. అదీ కదల్లేదు. మిగిలింది ఎన్‌ఎంటీ చూడలేని భాగం. జేవీఎం తన కోర్‌లో చేసే కేటాయింపులే అది లెక్కపెడుతుంది. బయటి నేటివ్ లైబ్రరీలు, జేడీకే క్లాస్ లైబ్రరీల వెనక ఉండే సీ కోడ్ నేరుగా మ్యాలాక్ (మెమరీ అడిగే సీ ఫంక్షన్) పిలిస్తే దాని కంట పడదు.

64 ఎంబీ దిమ్మెలు

పీమ్యాప్ (ప్రాసెస్ మెమరీ పటం చూపే కమాండ్) విస్తృత రూపంలో తీసి సైజు వారీగా సర్దితే చిత్రం స్పష్టమైంది. ఒక్కోటి కచ్చితంగా 64 ఎంబీ ఉన్న ఎనానిమస్ దిమ్మెలు 140 దాకా ఉన్నాయి. కొన్ని పూర్తిగా నిండినవి, కొన్ని రెండు ముక్కలుగా: చదవడానికి, రాయడానికి వీలున్న ముక్క, ఏ అనుమతీ లేని మిగతా ముక్క, రెండూ కలిపితే 64. లినక్స్‌లోని జీలిబ్‌సీ (ప్రామాణిక సీ లైబ్రరీ) మ్యాలాక్ వేలిముద్ర ఇది. ఎక్కువ థ్రెడ్లున్న ప్రోగ్రాముల్లో తాళాల కోసం తోపులాట తగ్గించడానికి జీలిబ్‌సీ వేర్వేరు అరీనాలు (విడివిడి మెమరీ గిడ్డంగులు) తెరుస్తుంది. 64 బిట్ మెషీన్లలో గరిష్ఠంగా కోర్ల సంఖ్యకు 8 రెట్లు, అంటే ఇక్కడ 128. ప్రధాన అరీనా కాక మిగతావి 64 ఎంబీ దిమ్మెలుగా పెరుగుతాయి.

ఈ దశలో చాలా కేసులు దారి తప్పుతాయి. 64 ఎంబీ దిమ్మెలు కనిపించగానే అరీనాల సమస్య అని తేల్చి, మ్యాలాక్ అరీనా మ్యాక్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి చేతులు దులుపుకుంటారు. అది నిజంగా మందయ్యే సందర్భాలున్నాయి. అరీనాల మధ్య ముక్కలై చెదిరిపోయిన మెమరీ వల్ల ప్రాసెస్ లావెక్కితే ఆ వేరియబుల్ పనిచేస్తుంది. కానీ చెదరడానికి, లీక్‌కీ గ్రాఫ్ ఆకారంలో తేడా ఉంటుంది. చెదిరితే కొన్ని రోజులు పెరిగి ఒక మట్టం దగ్గర ఆగుతుంది, ఎందుకంటే ఖాళీ అయిన ముక్కలు మళ్లీ వాడకంలోకి వస్తాయి. లీక్ ఆగదు.

ఒక సర్వర్‌లో ఆ వేరియబుల్‌కు 4 ఇచ్చి చూశాం. 2 ఇవ్వమని చాలాచోట్ల సలహా కనిపిస్తుంది. 16 కోర్ల మీద వందల థ్రెడ్లు నడిచే చోట 2 పెడితే మ్యాలాక్ తాళాల దగ్గర క్యూ కట్టే ప్రమాదం ఉంది కాబట్టి 4తో మొదలుపెట్టాం. మొదటి రెండు రోజుల్లో మెమరీ పక్క సర్వర్ కన్నా దాదాపు 1 జీబీ తక్కువగా ఉంది. ఆ తర్వాత గీత వాలు మాత్రం అదే, రోజుకు 1.1 జీబీ. చెదిరింది కొంత ఉంది, అది వేరే విషయం. లీక్ వేరే.

గీత ఎందుకు ఆగింది?

ఇప్పుడు ఆ హీప్ డంప్ సంగతి. రెండు సర్వర్ల గ్రాఫ్‌లు ఒకదాని మీద ఒకటి పెట్టి పాతవి తిరగేస్తే వింత ఒకటి కనిపించింది. ప్రాసెస్ లేచిన ఐదో రోజు డంప్ తీశారు. ఆ సర్వర్‌లో మెమరీ తగ్గలేదు, కానీ పెరగడం ఆగింది. సుమారు ఐదు రోజులు చదునుగా నడిచి మళ్లీ అదే వాలులో లేచింది. డంప్ తీయని సర్వర్‌లో గీత ఆగలేదు.

లైవ్ ఆప్షన్‌తో డంప్ తీస్తే జేవీఎం ముందు ఫుల్ జీసీ చేస్తుంది. ఆ జీసీలో ఏవో జావా ఆబ్జెక్టులు చచ్చాయి, అవి పట్టుకున్న నేటివ్ మెమరీ జీలిబ్‌సీకి తిరిగొచ్చింది. జీలిబ్‌సీ దాన్ని ఓఎస్‌కు ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకుంది, అందుకే రెసిడెంట్ తగ్గలేదు. ఆ తర్వాత వచ్చిన కేటాయింపులన్నీ ఆ ఖాళీల్లో సర్దుకున్నాయి. ఐదు రోజుల్లో పోగుపడింది తిరిగి నిండడానికి మరో ఐదు రోజులు పట్టింది. లెక్క సరిగ్గా కుదిరింది.

దీంతో వెతకాల్సిన వస్తువు రూపం తెలిసింది: చనిపోయి కూడా చాలాకాలం జీసీ చేతికి చిక్కని జావా ఆబ్జెక్టు, దాని వెనక నేటివ్ మెమరీ. చేతిలో తాళంచెవి చిన్నదే, అది తెరిచే గది పెద్దది. జీసీ తాళంచెవుల బరువే చూస్తుంది. హీప్ డంప్‌లో ఏమీ కనిపించకపోవడానికీ ఇదే కారణం. లైవ్ అనగానే చనిపోయినవాటిలో చాలావరకు ముందే ఊడ్చేశారు. లైవ్ ఇవ్వకుండా తీసినా, ఎక్లిప్స్ మెమరీ ఎనలైజర్ లాంటి పనిముట్టు డీఫాల్ట్‌గా చేరుకోలేని ఆబ్జెక్టులను పక్కన పెట్టేస్తుంది, వాటిని ఉంచమని సెట్టింగ్ మార్చాలి. సాక్ష్యాన్ని వెతికే పద్ధతే సాక్ష్యాన్ని తుడిచేసింది.

దిమ్మెలో ఏముంది?

మ్యాలాక్ ప్రొఫైలింగ్ (ఏ కోడ్ ఎంత మెమరీ అడిగిందో నమోదు చేయడం) పెట్టాలంటే రీస్టార్ట్ కావాలి, అనుమతి రావడానికి టైం పడుతుంది. ఈలోపు ఖర్చులేని పని ఒకటి చేయొచ్చు. పీమ్యాప్‌లో నిండుగా ఉన్న కొన్ని దిమ్మెల అడ్రసులు తీసుకుని, ప్రాక్‌లో ఆ ప్రాసెస్ మెమ్ ఫైలు నుంచి ఆ భాగం చదివి, స్ట్రింగ్స్ కమాండ్‌తో అక్షరాలు ఏరితే చాలు. రూట్ అనుమతి కావాలి, కానీ ప్రాసెస్ ఆగదు. జీడీబీ తగిలిస్తే మాత్రం చదివినంతసేపూ అప్లికేషన్ గడ్డకడుతుంది, ప్రొడక్షన్‌లో ఆ దారి వద్దు. ఇలా తీసిన ఫైలులో ఖాతాదారుల వివరాలు ఉండే అవకాశం ఎక్కువ. అదే సర్వర్‌లో చూసి అక్కడే చెరిపేయాలి, టికెట్‌కు జతచేయకూడదు.

దిమ్మె తర్వాత దిమ్మెలో కనిపించినవి కామాలతో విడదీసిన బిల్లింగ్ రిపోర్టు వరుసలు. కంప్రెస్ కాని ముడి టెక్స్ట్. నెలాఖరు ఇచ్చిన ఆనవాలుకు ఇది సరిపోయింది. ఆ రిపోర్టులు బయటికి వెళ్లేది జీజిప్ అయి. ముడి టెక్స్ట్ నేటివ్ మెమరీలో ఎందుకుందంటే, జీజిప్ వెనక పనిచేసే జెడ్‌లిబ్ లైబ్రరీ కంప్రెస్ చేసేటప్పుడు ఇటీవల వచ్చిన డేటాను తన కిటికీ (విండో) బఫర్‌లో ఉంచుకుంటుంది. అనుమానం జెడ్‌లిబ్ మీదికి వచ్చింది. ఇంకా రుజువు కాలేదు.

జెమ్యాలాక్‌తో రుజువు

రీస్టార్ట్‌కు అనుమతి వచ్చాక ఒక సర్వర్‌లో జీలిబ్‌సీ మ్యాలాక్ బదులు అదే పని చేసే మరో లైబ్రరీ జెమ్యాలాక్‌ను ప్రీలోడ్ చేశాం. డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే ప్యాకేజీలో ప్రొఫైలింగ్ కలిపి ఉంటుందన్న నమ్మకం లేదు. ఈ సర్వర్‌లోనూ లేదు. ప్రాఫ్ ఆప్షన్ ఇవ్వగానే చెల్లని ఆప్షన్ జత అని స్టార్టప్‌లో ఒక లైను వచ్చింది. అది గమనించకపోతే వారం తర్వాత డంప్ ఫైళ్లు ఏవని వెతుక్కోవాలి. సోర్స్ నుంచి ప్రొఫైలింగ్ ఆన్ చేసి బిల్డ్ చేశాం.

ఇచ్చిన సెట్టింగులు: శాంపిల్ విరామం లాగ్ విలువ 19, అంటే సగటున ప్రతి 512 కేబీ కేటాయింపుకు ఒక శాంపిల్. డీఫాల్ట్ కూడా అదే. డంప్ విరామం లాగ్ విలువ 34, అంటే ప్రతి 16 జీబీ కేటాయింపుకు ఒక డంప్ ఫైలు. చాలా ఉదాహరణల్లో 30 కనిపిస్తుంది. అది 1 జీబీకో ఫైలు. ఇలాంటి బిజీ సర్వర్‌లో డిస్కు నిండిపోతుంది. డంప్‌లు రాసే ఫోల్డరుకు అప్లికేషన్ యూజర్‌కు రాసే అనుమతి ఉందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

మూడు రోజుల దూరంలో ఉన్న రెండు డంప్‌లను జెమ్యాలాక్‌తో వచ్చే జేప్రాఫ్‌లో ఒకదాన్ని బేస్‌గా పెట్టి తేడా తీశాం. ఒక్క డంప్ చూస్తే న్యాయంగా వాడుతున్న మెమరీ కూడా అందులో కలిసిపోతుంది. పెరిగిన భాగంలో పదింట తొమ్మిది వంతులు ఒకే దారిలో ఉన్నాయి: జావాలో కంప్రెస్ చేసే డిఫ్లేటర్ క్లాసు నేటివ్ ఇనిట్ ఫంక్షన్, అక్కడి నుంచి జెడ్‌లిబ్ డిఫ్లేట్ ఇనిట్, అక్కడి నుంచి మ్యాలాక్. దానికి పైన హెక్స్ అడ్రసులు మాత్రమే. జిట్ (నడుస్తుండగానే) కంపైల్ చేసిన జావా కోడ్‌కు పేర్లుండవు కాబట్టి జేప్రాఫ్ అంతకన్నా చెప్పలేదు.

జెడ్‌లిబ్ కొలత కూడా ఇక్కడ కలిసింది. మామూలు సెట్టింగులతో, అంటే విండో బిట్స్ 15, మెమ్ లెవెల్ 8తో, ఒక కంప్రెషన్ స్టేట్‌కు 256 కేబీ, పైన కొన్ని కేబీలు. అది ఒకే ముక్కగా రాదు, 64 కేబీ చొప్పున నాలుగు ముక్కలుగా వస్తుంది. జీలిబ్‌సీలో పెద్ద కేటాయింపులు ఎంమ్యాప్‌తో విడిగా జరగాలంటే మొదటి హద్దు 128 కేబీ. ఇవి దానికి లోపలే కాబట్టి అన్నీ అరీనాల్లోకి వెళ్లాయి. 64 ఎంబీ దిమ్మెలు పోగుపడింది అందుకే. రోజుకు 1.1 జీబీ అంటే వదలని డిఫ్లేటర్లు సుమారు 4,500. రోజూ తయారయ్యే బిల్లింగ్ రిపోర్టుల సంఖ్యకు ఇది దగ్గరగా ఉంది.

జావా వైపు పిలిచేది ఎవరు?

ముందు లెక్క. జేసీఎండీ క్లాస్ హిస్టోగ్రామ్ (క్లాసు వారీగా ఆబ్జెక్టుల లెక్క) కూడా డీఫాల్ట్‌గా ఫుల్ జీసీ చేస్తుంది. ఆల్ అనే ఆప్షన్ ఇస్తే జీసీ లేకుండా, చచ్చినవాటితో సహా లెక్కిస్తుంది. ఐదో రోజున ఆ ఆప్షన్‌తో తీస్తే డిఫ్లేటర్ ఆబ్జెక్టులు 21,000 పైచిలుకు. 256 కేబీతో గుణిస్తే 5 జీబీ దాటుతుంది. ఆ తర్వాత ఆల్ లేకుండా కాసేపటి తేడాతో రెండుసార్లు తీస్తే, రెండోసారి కొన్ని డజన్లే. చచ్చి పడున్నవి ఎన్నో ఈ రెండు అంకెల మధ్య తేడా చెప్పేస్తుంది.

పిలిచేవారి కోసం ఎసింక్ ప్రొఫైలర్ వాడాం. అందులో ఈవెంట్ కింద నేటివ్ ఫంక్షన్ పేరు ఇవ్వొచ్చు. డిఫ్లేటర్ ఇనిట్ పేరు ఇచ్చి పదిహేను నిమిషాలు నడిపితే ఆ ఫంక్షన్ పిలుపులు పూర్తి జావా స్టాక్‌తో వచ్చాయి. పెర్ఫ్ ఈవెంట్ల మీద కెర్నెల్ పెట్టే ఆంక్షను ఆ పదిహేను నిమిషాలకు సడలించి మళ్లీ బిగించాం. పిలుపుల్లో రెండు గుంపులున్నాయి. వెబ్ సర్వర్ రెస్పాన్స్ కంప్రెషన్ డిఫ్లేటర్లను మళ్లీ మళ్లీ వాడుకుంటోంది, అక్కడ తప్పు లేదు. రెండోది రిపోర్టు ఎగుమతి మాడ్యూల్.

కోడ్ చదివితే కారణం ఒక్క లైనులో ఉంది. ఎగుమతి మాడ్యూల్ ఒకే అవుట్‌పుట్ స్ట్రీమ్‌లోకి రిపోర్టును జీజిప్ చేసి, దాని వెనక ఇంకొంత సమాచారం రాస్తుంది. జీజిప్ అవుట్‌పుట్ స్ట్రీమ్‌ను క్లోజ్ చేస్తే అడుగున ఉన్న స్ట్రీమ్ కూడా మూసుకుపోతుంది. అందుకని రాసినవాళ్లు క్లోజ్ బదులు ఫినిష్ పిలిచారు. ఫినిష్ జీజిప్ తోక రాసేస్తుంది. ఫైలు సరిగ్గా ఉంటుంది, టెస్టులన్నీ పాసవుతాయి. కానీ లోపలి డిఫ్లేటర్‌కు ఎండ్ పిలిచేది క్లోజ్ మాత్రమే. ఎండ్ పిలవకపోతే ఆ 256 కేబీ ఫైనలైజర్ (చనిపోయిన ఆబ్జెక్టును తీసేముందు జేవీఎం నడిపే కోడ్) దయ మీద ఆధారపడుతుంది.

మరి ఫైనలైజర్ ఎందుకు కాపాడలేదు? ఆబ్జెక్టు యంగ్ తరంలో (కొత్త ఆబ్జెక్టులుండే హీప్ భాగం) చచ్చి ఉంటే కాపాడేదే. యంగ్ జీసీలు కొన్ని సెకన్లకొకసారి జరుగుతుంటాయి, ఫైనలైజర్ థ్రెడ్ ఎండ్ పిలిచేది. కానీ ఈ స్ట్రీమ్‌లు పంపే క్యూలో కొన్ని నిమిషాలు వేచి ఉంటాయి. ఈలోపు పదిహేను యంగ్ జీసీలు దాటి ఓల్డ్ తరంలోకి చేరతాయి. ఆ తర్వాత అవి చచ్చినట్టు తెలియాలంటే జీ1 కాంకరెంట్ మార్కింగ్ (అప్లికేషన్ నడుస్తుండగానే బతికున్నవి గుర్తించడం) జరగాలి. జావా 8లో ఓల్డ్ తరం వాడకం మొత్తం హీప్‌లో 45 శాతం దాటితేనే అది మొదలవుతుంది.

హీప్ మార్పు కథ ఇక్కడ తెలిసింది. ఓల్డ్ తరంలో బతికున్నది 2.8 జీబీ, చచ్చిన చెత్త రోజుకు సుమారు 150 ఎంబీ చేరుతోంది. పాత 8 జీబీ హీప్‌లో 45 శాతం అంటే 3.6 జీబీ, ఐదారు రోజులకోసారి మార్కింగ్ జరిగి డిఫ్లేటర్లన్నీ ఊడ్చుకుపోయేవి. లీక్ ఆరు జీబీ దాటేది కాదు, 24 జీబీ మెషీన్‌లో ఎవరి కంటా పడలేదు. 12 జీబీ హీప్‌లో హద్దు 5.4 జీబీ, అక్కడికి చేరడానికి పదిహేడు రోజులు కావాలి. ప్రాసెస్ పదమూడు రోజులకే పోతోంది. లీక్ పాతదే. దాన్ని అనుకోకుండా అదుపులో ఉంచిన చిన్న హీప్‌ను తీసేశారంతే.

పనిచేసిన పరిష్కారం

కోడ్ సరిచేసి రిలీజ్ కావడానికి సమయం పడుతుంది, నెలాఖరు దగ్గరపడింది. తాత్కాలికంగా మార్కింగ్ హద్దు ఫ్లాగ్‌ను 45 నుంచి 30 చేశాం. 12లో 30 శాతం 3.6 జీబీ, పాత హద్దే. రోజూ ఫుల్ జీసీ నడపాలన్న ప్రత్యామ్నాయం కూడా చర్చకు వచ్చింది. ఇంత హీప్ మీద ఫుల్ జీసీ అంటే కొన్ని సెకన్లు అంతా ఆగుతుంది, కాంకరెంట్ మార్కింగ్‌కు ఆ బాధ లేదు. నెలాఖరున లీక్ వేగం రెట్టింపైనా చెత్త కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది కాబట్టి మార్కింగ్ కూడా రెండింతలు త్వరగా వస్తుందని అంచనా వేశాం. అలాగే జరిగింది. మెమరీ 20 జీబీ దగ్గర నిలిచింది.

కోడ్‌లో మార్పు చిన్నది. అడుగు స్ట్రీమ్‌ను ఒక ఫిల్టర్ స్ట్రీమ్‌లో చుట్టి, దాని క్లోజ్‌లో ఫ్లష్ మాత్రమే చేయించి, జీజిప్ స్ట్రీమ్‌ను ట్రై విత్ రిసోర్సెస్‌లో పెట్టడం. ఇప్పుడు జీజిప్ క్లోజ్ అవుతుంది, డిఫ్లేటర్ ఎండ్ అవుతుంది, అడుగు స్ట్రీమ్ తెరిచే ఉంటుంది. కామన్స్ ఐఓలో ఈ పని చేసే క్లోజ్ షీల్డ్ క్లాసు రెడీమేడ్‌గా ఉంది. సొంతంగా రాసుకునే అవసరం లేదు. రైట్ మధ్యలో ఎక్సెప్షన్ వచ్చిన దారిలో కూడా క్లోజ్ జరిగేలా చూడటం ముఖ్యం. పాత కోడ్‌లో ఆ దారిలో ఫినిష్ కూడా పిలవలేదు.

పరీక్షించేటప్పుడు తాత్కాలిక ఫ్లాగ్‌ను ఒక సర్వర్‌లో కావాలనే తీసేసి 45కి తెచ్చాం. 30 దగ్గరే ఉంచితే గీత చదునుగా ఉన్నా కోడ్ మార్పు వల్లో, ఫ్లాగ్ వల్లో చెప్పలేం. ఫ్లాగ్ లేని సర్వర్ 15 జీబీ దగ్గర నిలిచి నెలాఖరు దాటింది. ఆల్ ఆప్షన్ హిస్టోగ్రామ్‌లో డిఫ్లేటర్లు వందల్లోకి దిగాయి. మెమరీ మట్టం చూసి సంతోషపడటం కన్నా ఈ లెక్క నమ్మదగ్గది.

జెమ్యాలాక్‌ను తీసేసి జీలిబ్‌సీకే తిరిగి వచ్చాం. జెమ్యాలాక్ బాగా పనిచేసింది, కానీ సోర్స్ నుంచి బిల్డ్ చేసిన లైబ్రరీని ప్రతి ప్యాచింగ్‌లో మోసుకెళ్లే బాధ్యత ఆపరేషన్స్ టీమ్ మీద పడుతుంది. అరీనా పరిమితి 4 అలాగే ఉంచాం, 1 జీబీ ఊరికే మిగులుతోంది కాబట్టి. బతికున్నది 2.8 జీబీయే అయినప్పుడు 12 జీబీ హీప్ అక్కర్లేదు. జీసీ లాగ్‌లు చూశాక 8కి దించారు. అలర్టు కూడా మార్చాం. రెసిడెంట్ మెమరీ 80 శాతం అనే పాత హద్దు బదులు, రెసిడెంట్‌లోంచి ఎన్‌ఎంటీ కమిటెడ్ తీసేస్తే మిగిలేది 3 జీబీ దాటితే టికెట్ తెరుచుకుంటుంది. ఎన్‌ఎంటీ ఖర్చు ఈ అప్లికేషన్‌లో కొలిస్తే భరించదగ్గదే అని తేలాక రెండు సర్వర్లలో ఆన్‌లో ఉంచారు.

చివరి పని మిగతా కోడ్‌ను గాలించడం. మూడు రకాల చోట్లు వెతికించాం: క్లోజ్ లేకుండా ఫినిష్ పిలిచేవి, డిఫ్లేటర్‌ను బయట తయారుచేసి స్ట్రీమ్‌కు ఇచ్చేవి, ఇన్‌ఫ్లేటర్‌ను నేరుగా వాడేవి. రెండో రకం మోసకారి. మనం ఇచ్చిన డిఫ్లేటర్‌ను స్ట్రీమ్ తనదిగా భావించదు, క్లోజ్ చేసినా ఎండ్ పిలవదు, ఆ బాధ్యత ఇచ్చినవాళ్లదే. అలాంటిది ఈ కోడ్‌లో లేదు. మూడో రకం ఒకటి దొరికింది, భాగస్వాముల ఫైళ్లు విప్పే చోట. ఇన్‌ఫ్లేటర్ వెనక ఉండేది సుమారు 40 కేబీ, ఆ ఫైళ్లు రోజుకు పదుల్లోనే వస్తాయి. ఏ గ్రాఫ్‌లోనూ కనిపించేది కాదు. ఫైనల్లీ బ్లాక్‌లో ఎండ్ చేర్చి అదే రిలీజ్‌లో పంపారు.